‘నా నూనె ఎప్పుడు పొంగుతుంది?’: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా సంఘ పెద్దలు శనివారం కూడికలో నాకు వాక్యం చెప్పే అవకాశం ఇచ్చారు. రాజుల రెండవ గ్రంథం నాలుగవ అధ్యాయంలోని విధవరాలి నూనె కథ తీసుకుని, మన దగ్గరున్న కొంచెమే దేవునికి అప్పగిస్తే ఆయన పాత్రలన్నీ నింపుతాడని చెప్పాను. కూడిక అయ్యాక ఒక అక్క నా దగ్గరకు వచ్చి, “బాబూ, మూడు చోట్ల అప్పు ఉంది, నా నూనె ఎప్పుడు పొంగుతుంది?” అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. బైబిలు కథల నుండి రోజువారీ జీవితానికి పాఠం తీయడమే తప్పా? (పేరు వద్దన్న పాఠకుడు, రాజోలు ప్రాంతం)

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. ఆ అక్క మీ ప్రసంగాన్ని మనసుపెట్టి విన్నది కాబట్టే ఆ ప్రశ్న అడిగింది. అయితే మీరు కథ చివర ఉన్న అద్భుతాన్ని తీసుకుని, దానికి ముందున్న బాధను దాటి వెళ్లిపోయారని నాకు అనిపిస్తున్నది. ఆ అధ్యాయాన్ని ఇంకొకసారి నెమ్మదిగా చదవండి. చనిపోయినవాడు ప్రవక్తల శిష్యులలో ఒకడు, దేవునియందు భయభక్తులు గలవాడు. అయినా అప్పు మిగిల్చి పోయాడు. కాబట్టి అప్పు ఉండడం విశ్వాసం లేకపోవడానికి గుర్తని ఈ కథ చదివినవారెవరూ చెప్పలేరు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆ మాటను ఆమె ఎవరికీ తెలియకుండా కడుపులో దాచుకోక ప్రవక్త అయిన ఎలీషా ఎదుట బయటపెట్టింది. ఎలీషా ఆమెను కానుక అడగలేదు. నీకు నేను ఏమి చేయాలి, నీ ఇంట్లో ఏమున్నది అని రెండు ప్రశ్నలు వేశాడు. ఈ రెండు ప్రశ్నలను దాటి నేరుగా పొంగే నూనె దగ్గరకు పరుగెత్తడమే మన ప్రసంగాలలో ఎక్కువగా జరుగుతున్న పొరపాటు.

తరువాత జరిగినది చూడండి. ఇరుగుపొరుగువారు వట్టి పాత్రలు ఇచ్చారు, పిల్లలు వాటిని అందించారు, ఆమె తలుపు మూసుకుని ఇంట్లో ఉన్న ఒక్క కుండలోని నూనెను వాటిలో పోసింది, పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయింది. అప్పుడు కూడా ఆమె సొంతంగా నిర్ణయించుకోక మళ్లీ వెళ్లి అడిగితే, ఆ నూనె అమ్మి ముందు అప్పు తీర్చి, మిగిలినదానితో నీవూ పిల్లలూ బ్రతకండి అన్నాడు. అందులో దశమభాగం మాట లేదు, సాక్ష్యం చెప్పమన్న షరతు లేదు. ఒక కుటుంబం బాకీ లేకుండా రేపు అన్నం తినాలన్నదే ప్రవక్త పట్టించుకున్న విషయం. దేవుడు ఒక ఇంట్లో ఒకసారి చేసిన కార్యం వేరు, ఎల్లప్పుడూ మనల్ని చేయమని అడిగేది వేరు. ఈ తేడా మరచిపోతే వినేవారికి మనం దేవుడివ్వని మాట ఇచ్చినట్లవుతుంది. ఇదే అధ్యాయంలో విషపు కూర తినదగినదైన సంగతి కూడా ఉన్నది, అయినా దానినిబట్టి విషపు కాయలు కోసుకు రమ్మని ఏ బోధకుడూ చెప్పడు కదా.

కాబట్టి ఆ అక్కకు తేదీ చెప్పకండి. కథలో ఆ విధవరాలికి పాత్రలు ఇచ్చిన ఇరుగుపొరుగువారి స్థానంలో మీ సంఘాన్ని నిలబెట్టండి. వచ్చే శనివారం ఇద్దరు పెద్దలతో ఆమె ఇంటికి వెళ్లి, ఏ అప్పు ఎంత, ఏ వడ్డీ ఎంత అని కాగితం మీద రాసి, ముందు ఏది తీర్చాలో కలిసి చూడండి. ‘నీ ఇంట్లో ఏమున్నది’ అన్న ప్రశ్నను ఆమెను కూడా అడగండి. మన నరసాపురం, పాలకొల్లు వైపు ఎన్ని ఇళ్లలో లేసు అల్లే సూది ఉన్నదో మీకు తెలుసు. మిషనరీ స్త్రీలు నేర్పిన ఆ పని నూరేళ్లు దాటినా ఆడవారి చేతుల్లోనే నడుస్తున్నది, కానీ దళారీ చేతికి పోయే ధరకూ బజారు ధరకూ మధ్య ఎంత దూరమున్నదో అల్లే ఆమెకు చాలాసార్లు తెలియదు. ఆ ధర కనుక్కుని వచ్చి చెప్పేవాడు కూడా ఒక పాత్ర తెచ్చి ఇచ్చినవాడే. మీరు వాక్యం చెప్పడానికి లేచే ముందు, ఈ కథలో ఆకలిగా ఉన్నది ఎవరు, భయపడుతున్నది ఎవరు, ఎవరికి ఎవరు బాకీ అని మొదట మిమ్మల్ని మీరే ప్రశ్నించుకుని, అటు తరువాతనే మనకేమిటి అని అడగండి. అప్పుడు పాఠాన్ని మీరు తెచ్చి అతికించనక్కరలేదు.

ప్రశ్న: నేను ఉండి ఊరి దగ్గర సండే స్కూలు చెబుతాను. మా పిల్లలు గొర్రెల మందను సరిగా చూడలేదు, బాతుల మందను మాత్రం రోజూ చూస్తారు. మంచి కాపరి ఉపమానంలో గొర్రెలకు బదులు బాతులు అని చెప్పవచ్చా?

జవాబు: మార్చవద్దమ్మా, పక్కన పెట్టి చూపండి. కోతలైన చేలలో బాతులను తోలుకుపోయే కాపరి పొడవాటి కర్ర పట్టుకుని మంద వెనుక నడుస్తాడు. యోహాను సువార్త పదవ అధ్యాయంలో కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలిచి, వాటికి ముందుగా నడుస్తాడు. అవి అతని స్వరం ఎరిగి వెంబడిస్తాయి. మీ పిల్లలను చేలోకి తీసుకువెళ్లి, ఈయన ఎక్కడ నడుస్తున్నాడు, ఆయన ఎక్కడ నడుస్తాడు అని అడగండి. బాతులుగా మార్చేస్తే ఆ తేడాయే పోతుంది, పోలిస్తే మాత్రం పిల్లలు దానిని మరచిపోరు. ఎలీయా ప్రవక్త కాలంలో వాన ఆగి వచ్చిన కరువు చెప్పేటప్పుడు కూడా ఇలాగే చేయండి. 1852 లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుండి మన పొలం కాలువ నీటిని నమ్ముకున్నది, కనాను దేశమో ఆకాశపు వాన నీళ్లు త్రాగే దేశమని ద్వితీయోపదేశకాండం పదకొండవ అధ్యాయం చెబుతున్నది. అక్కడ వాన ఆగడం అంటే ఏమిటో కాలువ చివరన నీళ్లు సరిగా అందని శివారు భూములవారి పిల్లలకు తొందరగా అర్థమవుతుంది.

ప్రశ్న: మాది లంక గ్రామం. 2022 జులై వరదలో మా ఇల్లు నాలుగు రోజులు నీళ్లలో ఉన్నది. నీళ్లు తీసిన తరువాత వచ్చిన మొదటి ఆదివారం బోధకుడు నోవహు కథ చెప్పి, నీతిమంతుని ఇంటిని దేవుడు నీటి నుండి తప్పించాడని అన్నారు. అప్పటి నుండి మా అత్తగారు ఏ పాపం చేశామో అని ఏడుస్తూనే ఉన్నారు.

జవాబు: అమ్మా, మీ అత్తగారికి లూకా సువార్త పదమూడవ అధ్యాయం చదివి వినిపించండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములో ఉన్న అందరికంటే ఎక్కువ దోషులని తలంచుచున్నారా అని యేసు ప్రభువే అడిగి, కాదని చెప్పాడు. 1986 ఆగస్టు వరదలోనూ, 1996 నవంబరు తుపానులోనూ కోనసీమలో ప్రార్థన చేసే ఇళ్లూ చేయని ఇళ్లూ ఒకేలా నష్టపోయిన సంగతి ఆమె వయసువారికి నేను చెప్పనవసరం లేదు. నోవహు కథను గోదావరి వరదకు నేరుగా అంటించకూడదని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆ కథ చివర దేవుడు అలాంటి జలప్రళయం మళ్లీ రాదని సమస్త జీవులతో నిబంధన చేశాడు. ప్రతి వరదనూ తీర్పుగా చెప్పడం ఆ నిబంధనను ప్రక్కన పెట్టడమే.

ఆ బోధకుడు చెడ్డ మనసుతో అని ఉండరు, తన మాట ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. వీలైతే ఈ జవాబు ఆయనకు చూపండి. నష్టపోయినవారి ముందు నిలబడే బోధకునికి యోబు గ్రంథం రెండవ అధ్యాయం చివరి వచనం కావాలి: అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు అతనితో నేల మీద కూర్చుని, అతని బాధ అత్యధికమని చూసి, ఒక్క మాటయినా పలకలేదు. వారు చేసిన మంచి అదే. నోరు తెరిచి, నీవు పాపం చేసి ఉంటావు అనడం మొదలుపెట్టిన తరువాత, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడు చివరకు వారిని గద్దించాడు. మళ్లీ గోదావరి మీ లంక ఎక్కినప్పుడు, ఆ ఆదివారం ప్రసంగం సగానికి తగ్గించి, తక్కిన సమయంలో సంఘమంతా పారలు పట్టుకుని మీ ఇంట్లో చేరిన ఒండ్రు ఎత్తడానికి రమ్మని ఆయనను ఇప్పుడే అడగండి.