రెండు రోజుల డెలివరీ మీ వీధికి ఎందుకు రావట్లేదంటే

తమ్ముడూ, వెస్ట్ బాల్టిమోర్‌లో రెండు రోజుల డెలివరీకని చందా కడుతున్నా సరుకు వారానికి గానీ రావట్లేదని, అదే కంపెనీ ఊరి శివారు టౌసన్‌లో ఉన్న నీ ఫ్రెండ్‌కి మర్నాడే ఇస్తోందని అడిగావు. అడ్రస్ తప్పు రాశావేమోనని చూసుకోనక్కర్లేదు. బహుశా నీ జిప్ కోడ్‌తోనే (మన పిన్ కోడ్ లాంటిదే) వచ్చింది చిక్కు.

మీ పక్కనే వాషింగ్టన్ డీసీలో ఇదే గొడవ కోర్టుకెక్కింది. అనకోస్టియా నది అవతలి 20019, 20020 జిప్ కోడ్‌లకు అమెజాన్ 2022లో సొంత వ్యాన్లు ఆపేసి, పార్సిళ్లను యూపీఎస్, పోస్టాఫీసుల చేతిలో పెట్టిందని, ప్రైమ్ చందా మాత్రం అందరితో సమానంగా వసూలు చేసిందని 2024 డిసెంబరులో అక్కడి అటార్నీ జనరల్, అంటే ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి, దావా వేశారు. డ్రైవర్ల మీద దాడులు జరిగాయి కాబట్టే అలా చేశామని కంపెనీ జవాబు. డ్రైవర్ ప్రాణం ముఖ్యమే, కాదనను. కానీ ఆ సంగతి డబ్బు కట్టించుకునే ముందే చెప్పాలి కదా!

ముందు ఒకే వస్తువు కార్ట్‌లో పెట్టి, నీ అడ్రస్, ఫ్రెండ్ అడ్రస్ మార్చి చూడు. రెండు తేదీలకీ స్క్రీన్‌షాట్లు తీసుకో. పార్సిల్ ఎవరు తెస్తున్నారో ట్రాకింగ్‌లో ఉంటుంది, అదీ దాచుకో. కస్టమర్ కేర్‌ని చాట్‌లోనే అడుగు, ఫోన్‌లో అయితే చేతిలో ఆధారం మిగలదు. చందా వాపసు అడగడానికి మొహమాటపడకు. వాళ్లు కదలకపోతే మేరీల్యాండ్ అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల విభాగానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టు. వీసా గురించి టెన్షన్ వద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఈలోపు అర్జెంటువి ఏవైనా ఉంటే క్యాంపస్ దగ్గరి పికప్ లాకర్‌కి తెప్పించుకో.