సంఘంలో రాజకీయ గొడవలు: ఎవరి నోటితో మాట్లాడాలి?

సికింద్రాబాద్‌లో సంఘానికి (చర్చికి) వెళ్లే ఒక సిస్టర్ అడిగింది ఇది: ఎన్నికలు, ఎస్సీ వర్గీకరణ, పాస్టర్ల మీద దాడుల వీడియోలు, అబార్షన్, ఏది వచ్చినా యూత్ వాట్సాప్ గ్రూపులో కొట్లాటే. కాపరి ఏమీ అనరు. విశ్వాసులు ఎలా స్పందించాలి?

సిస్టర్, వందనాలు. ఏం చెప్పాలన్నది తర్వాత. ముందు ఎవరి నోటితో చెప్పాలో తేల్చుకోండి. సంఘంలో మాట వచ్చే చోట్లు మూడు: పుల్పిట్ (కాపరి ప్రసంగ వేదిక), సంఘం లెటర్‌హెడ్, విశ్వాసి సొంత సంతకం. వాక్యం సూటిగా చెప్పింది పుల్పిట్‌కి చెందుతుంది. కూలి ఎగ్గొట్టడం తప్పు (యాకోబు 5:4), మనిషిని చూసి కుర్చీ వేయడం తప్పు (యాకోబు 2), లేనిపోని వార్త మోయడం తప్పు (నిర్గమ 23:1). ఏ పార్టీ మంచిది, ఏ కులానికి ఎంత శాతం అన్నవి వాక్యంలో లేవు. వాటి మీద భక్తి గల ఇద్దరు వేరువేరుగా ఆలోచించవచ్చు, అవి సొంత సంతకంతోనే మాట్లాడాలి. మూడో చోట ఉండాల్సిన మాట మొదటి చోటికి ఎక్కినప్పుడే సంఘాలు చీలుతున్నాయి.

‘అధికారులకు లోబడమని రోమా 13 ఉంది కదా, నోరు మూసుకోండి’ అనేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. అదే పౌలు కొరడా దెబ్బలకు ముందు తన రోమా పౌరసత్వం గుర్తు చేశాడు (అపొ. 22:25), కైసరుకు అప్పీలు చేసుకున్నాడు (25:11). చట్టం ఇచ్చిన దారిలో వెళ్లడం అవిధేయత కాదు.

ఎన్నికల సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 123(3) ప్రకారం అభ్యర్థి గానీ, అతని ఏజెంటు గానీ, వాళ్ల సమ్మతితో ఇంకెవరైనా గానీ మతం పేరుతో ఓటు అడిగితే అది అవినీతి చర్య, ఎన్నికే రద్దు కావచ్చు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని సుప్రీంకోర్టు 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల ధర్మాసనంలో 4-3 మెజారిటీతో తేల్చింది. 1988 నాటి మరో చట్టం ఉంది, మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం, పాస్టర్లలో చాలామందికి దాని పేరు కూడా తెలియదు. ప్రార్థనా స్థలాన్ని రాజకీయ ప్రచారానికి వాడుకోనిస్తే నిర్వాహకులకు 5 ఏళ్ల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా. మందిరంలో అనదగ్గ మాటలు రెండే: ఓటు వేయండి, ఓటుకి డబ్బు తీసుకోకండి. అధికారుల కోసం ప్రార్థన (1 తిమోతి 2:1-2) చేయండి, పార్టీ పేరు వద్దు. అభ్యర్థి ఆదివారం వస్తే అందరితో పాటు కూర్చోబెట్టండి. మైకు, శాలువా, ‘రెండు మాటలు’ ఏవీ వద్దు. ఆరాధన అయ్యాక గేటు బయట ఎవరితో మాట్లాడుకున్నా ఆయన ఇష్టం. షెడ్యూలు వచ్చాక సౌండ్ సిస్టమ్, కార్పెట్లు, ప్రహరీగోడకి ఇటుకలు ఎవరిచ్చినా తీసుకోకూడదు. ఒకసారి తీసుకుంటే వచ్చే అయిదేళ్లు పుల్పిట్ ఆయనదే. ఎన్నికల కోడ్ ఉల్లంఘన కనబడితే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు, కానీ మన ఇష్టమైన పార్టీ చేసినప్పుడూ చేయాలి.

అసలు కష్టం వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ని ఎస్సీ కులాల మధ్య గ్రూపులుగా పంచడం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు 6-1తో ఉపవర్గీకరణకు ఒప్పుకుంది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమలు చేసింది: మొదటి గ్రూపుకి 1 శాతం, మాదిగలున్న రెండో గ్రూపుకి 9, మాలలున్న మూడో గ్రూపుకి 5. ఈ రెండు కులాల వాళ్లూ ఒకే బల్లారాధనలో (ప్రభువు బల్ల) ఒకే పాత్ర పంచుకునే సంఘాలు మన ఊళ్లో చాలా ఉన్నాయి. కాపరి కులం అందరికీ తెలుసు, ఆయన ఏమన్నా ఆ కొలతతోనే వింటారు. కమిటీ ఎన్నికలు కూడా ఆ లెక్కలోనే జరిగే చోట్ల ‘కులం లేదు మనలో’ అని ప్రసంగం చేస్తే నవ్వుతారు. కాబట్టి పాస్టరేట్ కమిటీ (సంఘాన్ని నడిపే కమిటీ) దీని మీద తీర్మానం చేయకూడదు. మాట్లాడుకోవాలంటే పది పన్నెండు మంది చాలు, రెండు వైపులా సమానంగా. అధ్యక్షత రెండు కులాలకూ చెందని పెద్దకి. గంటన్నర, ఫోన్లు బయట. ఒక నియమం గట్టిగా పెట్టండి: ఎదుటివారి వాదన ముందు మీరు చెప్పాలి, ‘అవును, మేమన్నది అదే’ అని వాళ్లు ఒప్పుకున్నాకే మీ వాదన మొదలు. వాది మాట ఎదుటివాడు వచ్చేదాకానే న్యాయంగా కనిపిస్తుందన్న సామెతలు 18:17 ఇక్కడ అచ్చంగా పనిచేస్తుంది. ముగింపులో ఓటింగ్ పెట్టకండి, పెడితే అప్పటిదాకా విన్నదంతా వృథా.

దీనికి పక్కనే కుల సర్టిఫికెట్ సమస్య. ఎస్సీ కులాల జాబితా ఇచ్చిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు తెలంగాణలో బీసీ-సి, వాళ్లకి రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు మాత్రం మతంతో ముడి లేదు, ఈ తేడా తెలియక లంబాడా కుటుంబాలు అనవసరంగా భయపడుతుంటాయి. కేవలం రిజర్వేషన్ కోసం మతం మార్చి చెప్పుకోవడం రాజ్యాంగంతో మోసమని 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు అంది. మూడో పేరా అన్యాయమని సంఘం లెటర్‌హెడ్ మీద వినతిపత్రం ఇవ్వచ్చు, ఇవ్వాలి కూడా. కానీ పుల్పిట్ మీంచి ‘ఎవరికి ఏ సర్టిఫికెట్ ఉంది’ అని అడగడం క్రూరత్వం. ఆ సంభాషణ ఇంట్లో, ఒక్కొక్క కుటుంబంతో. బాప్తిస్మం సర్టిఫికెట్ కోర్టులో సాక్ష్యం అవుతుంది, తేదీ మార్చి రాయమంటే ఎవరడిగినా రాయకూడదు.

దాడి వీడియో వస్తే ఫార్వర్డ్ చేయకముందు ఊరు, తేదీ అడగండి. అక్కడి కాపరికి ఫోన్ చేయండి, పాత వీడియో అయితే అక్కడే ఆగిపోతుంది. నిజమైతే 112. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి, కాపీ ఉచితం. తీసుకోకపోతే డీసీపీకి రాతపూర్వకంగా, ఆ తర్వాత మేజిస్ట్రేట్‌కి. ముందు ఫిర్యాదు మీద బాధితుడే సంతకం చేయాలి, సంఘాల సమాఖ్య ప్రెస్ మీట్ ఆ తర్వాతే. ముందు ప్రెస్ మీట్, తర్వాత ఫిర్యాదు అయితే వాంగ్మూలాల్లో తేడాలు వచ్చి కేసు నీరుగారిపోతుంది. కాలనీలో గృహకూడిక మీద ఫిర్యాదు వస్తే మాత్రం ముందు మన స్పీకర్ చూసుకోవాలి: నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45, బయటికి లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి. సౌండ్ గొడవని హింస అని పిలిస్తే, నిజమైన హింస గురించి చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు.

అబార్షన్ గురించి క్లుప్తంగా. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, కొన్ని వర్గాల స్త్రీలకు 24 దాకా ఇద్దరిది కావాలి. ఆపైన పిండంలో తీవ్రమైన లోపాలుంటే మెడికల్ బోర్డు తేల్చాలి. లింగ నిర్ధారణ పరీక్ష నేరం, అది పాపమని పుల్పిట్ నిస్సందేహంగా చెప్పవచ్చు. మిగతా సందర్భాల్లో ఏ స్త్రీ ఉదంతాన్నీ ప్రార్థన విన్నపంగా చదవకండి, పేరు చెప్పకపోయినా గుర్తుపడతారు. పాస్టరమ్మ గారో, పెద్ద సిస్టరో ముందు వినాలి. సలహా అడిగితేనే చెప్పాలి.

ఇక మీ వాట్సాప్ గ్రూపు. దాన్ని ‘అడ్మిన్స్ ఓన్లీ’ చేసి ప్రార్థన విన్నపాలకే ఉంచండి. చర్చ కావాలనుకునేవాళ్లు సంఘం పేరు లేకుండా వేరే గ్రూపు పెట్టుకోవచ్చు, కాపరి అందులో చేరకూడదు.