ముందు ఆ ఫైట్ నాకు కనబడనీ

తమ్ముడూ,

జాకీ చాన్ హాంకాంగ్ ఫైట్ల సినిమా 'పోలీస్ స్టోరీ' మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఈ సినిమాల పిచ్చి నాకూ ఉంది కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. "అద్భుతం", "ఒళ్లు గగుర్పొడిచే", "నభూతో నభవిష్యతి" అన్నీ మొదటి పేజీలోనే వాడేశావు, జాకీ చాన్ ఏం చేశాడో మాత్రం ఎక్కడా లేదు!

ఆ షాపింగ్ మాల్ క్లైమాక్సే తీసుకో. పై అంతస్తు రెయిలింగ్ ఎక్కి, ఎదురుగా ఉన్న స్తంభం మీదికి దూకి, దానికి చుట్టిన లైట్లు పటపటా పేలుతుంటే కిందిదాకా జారి, గాజు కప్పు బద్దలు కొట్టుకుంటూ పడతాడు. బల్బుల వేడికి అరచేతులు నిజంగానే కాలాయి. పైగా ఆ ఒక్క దూకడాన్నే వేర్వేరు కోణాల్లో మళ్లీ మళ్లీ చూపిస్తారు, కథ ఆగిపోయినా పర్లేదన్నట్టు. ఎందుకలా? డూప్ లేడని మనల్ని నమ్మించడానికేనని నా అనుమానం. 1983లో 'ప్రాజెక్ట్ ఏ'లో గడియార గోపురం మీంచి గుడ్డ పందిళ్లు చించుకుంటూ పడ్డప్పుడూ ఇదే చేశారు. ఇలాంటి ప్రశ్న ఒకటి పట్టుకుంటే వ్యాసం దానంతటదే నడుస్తుంది.

ఒకసారి సౌండ్ తీసేసి చూడు. ఎవరెక్కడ నిలబడ్డారు, చేతికేం దొరికింది, దెబ్బ తగిలేలోపు షాట్ కట్ అయిందా లేదా, అంతే రాసుకో. జాకీ, అతని తోటి నటులు సమ్మో హంగ్, యూన్ బియావ్ ముగ్గురూ చిన్నప్పుడు ఒకే పెకింగ్ ఒపెరా (పాటలూ పల్టీలూ కలిసిన చైనా రంగస్థల నాటకం) బడిలో పల్టీలు నేర్చినవాళ్లు, అందుకే వాళ్ల ఫైట్లలో తాళం ఉంటుంది, అది చెవులు మూసుకున్నా తెలుస్తుంది.

ఇంకోటి. హాంకాంగ్ సినిమా అంటే ఎప్పుడూ అక్కడి జనం మాట్లాడే కాంటోనీసే అన్నట్టు రాశావు. 70ల మొదట్లో అక్కడి షా బ్రదర్స్ స్టూడియో సినిమాలు దాదాపు అన్నీ మరో చైనా భాష మాండరిన్‌లోనే వచ్చేవి, 1973లో 'ది హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్' బాగా ఆడాకే కాంటోనీస్ మళ్లీ లేచింది. అంతకుముందు సంగతికొస్తే, 1949 నుంచీ క్వాన్ తక్-హింగ్ అనే నటుడు కాంటోనీస్‌లో కుంగ్‌ఫూ గురువు వాంగ్ ఫే-హంగ్‌గా చేసిన సినిమాలు డెబ్బైకి పైమాటే. 1991లో జెట్ లీ వేసిందీ ఆ వేషమే. జెట్ లీకి రెండు పేరాలిచ్చి పెద్దాయన క్వాన్ పేరు కూడా ఎత్తకపోతే ఎలా?

తెలుగు డబ్బింగ్‌తో సరిపెట్టుకోకు, సబ్‌టైటిల్స్ పెట్టుకుని కాంటోనీస్‌లో చూడు, ఆ కీచులాటల స్పీడే వేరు. (ఆ రోజుల్లో అవీ చాలావరకు తర్వాత స్టూడియోలో చెప్పిన మాటలేలే!)

ముందు ఆ స్తంభం సీన్ ఒక్కటే మళ్లీ రాసి పంపు, పేజీ దాటకుండా. "అద్భుతం" కనబడితే అక్కడే ఆపేస్తా.