ఢిల్లీ ఫ్లాట్ అమ్మి కర్నూలు రావాలా? ముందు ఒక మే నెల అద్దెకు ఉండి చూడండి

ప్రశ్న: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిగా రిటైరై ఢిల్లీలోనే ఉంటున్నాను. నాకు 61, నా భార్యకు 60. ఆమెకు ఉబ్బసం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి, పొగ తట్టుకోలేకపోతోంది. మా సొంతూరు కర్నూలు. పన్ను పోను పెన్షన్ నెలకు 58,000 వస్తుంది. డిపాజిట్లు 45 లక్షలు ఉన్నాయి. 2010-11లో 48 లక్షలకు కొన్న ద్వారక ఫ్లాట్‌కు ఇప్పుడు కోటిన్నర ఇస్తామంటున్నారు. దాన్ని అమ్మేసి కర్నూలులో మా తమ్ముడు చూసిన 5 సెంట్ల స్థలం (40 లక్షలు) కొని ఇల్లు కట్టుకోవాలని ఉంది. కట్టడానికి 45 లక్షలవుతుందని మేస్త్రీ చెప్పాడు. అమ్మాయి గురుగ్రామ్‌లో ఉంటుంది. ఈ ఆలోచన సరైనదేనా?

జవాబు: రావడం మంచి ఆలోచనే. మీరు అనుకున్న వరుస మాత్రం తలకిందులుగా ఉంది. ఫ్లాట్ అమ్మడం మొదటి పని కాదు, చివరి పని. అమ్మిన రోజు నుంచే పన్ను మినహాయింపు గడువు నడవడం మొదలవుతుంది. ఆ గడువు మెడ మీద కత్తిలా వేలాడుతుంటే స్థలం తొందరపడి కొంటారు, ఇల్లు తొందరపడి కడతారు. కర్నూలు మీ భార్యకు పడుతుందో లేదో తేలేలోపు వెనక్కి వెళ్లడానికి ఢిల్లీలో ఇల్లే ఉండదు.

వాతావరణం లెక్క ముందు చూద్దాం. కర్నూలు ఎండలు భరించలేరని బంధువులు భయపెడుతుంటే, ఢిల్లీలో మే, జూన్ గడిపినవారికి అదేమీ కొత్త కాదని చెప్పండి. రెండు చోట్లా 42, 43 డిగ్రీలు మామూలే. కర్నూలులో ఎండ ఫిబ్రవరి చివరి నుంచే మొదలవుతుంది, జూన్‌లో వానలు పడ్డాక తగ్గుతుంది. చలికాలం అన్నది దాదాపు ఉండదు. రూమ్ హీటర్, ఎయిర్ ప్యూరిఫైయర్, రజాయిల ఖర్చు పోతుంది. అయితే ఇక్కడ దుమ్ము ఎక్కువ. ఉబ్బసానికి చలి కారణమా, పొగా, దుమ్మా అన్నది ఊపిరితిత్తుల డాక్టర్‌తో ముందే తేల్చుకోండి. దుమ్మే కారణమైతే ఊరు మారినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

జనవరిలో వచ్చి చూసి నిర్ణయం తీసుకోకండి. జనవరిలో కర్నూలు ఎవరికైనా నచ్చుతుంది. మార్చి మొదట్లో రండి, జూన్ చివరి దాకా ఉండండి. మీ తమ్ముడి వీధిలోనో దగ్గర్లోనో చిన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. నెలకు 12,000 అనుకుంటే నాలుగు నెలలకు 48,000. అడ్వాన్స్ తిరిగి వచ్చేదే. ఢిల్లీ ఇంటికి తాళం వేసి రండి, సామాన్లు కదిలించొద్దు. కోటిన్నర ఆస్తి మీద తీసుకునే నిర్ణయానికి ఈ యాభై వేలు పెద్ద ఖర్చేమీ కాదు.

అద్దె ఇల్లు చూసేటప్పుడు పైమిద్దె తీసుకోకండి. పగలంతా కాగిన స్లాబు రాత్రి రెండింటి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. కింది అంతస్తు, పడమటి గోడకు పడకగది లేని ఇల్లు, బేతంచెర్ల బండలు పరిచిన ఇల్లు దొరికితే అదే తీసుకోండి.

కరెంటు ఖర్చులో మీకు కచ్చితంగా తేడా తెలుస్తుంది. ఢిల్లీలో 200 యూనిట్ల లోపు వాడితే సబ్సిడీతో బిల్లే రాదు. కర్నూలులో మీరు ఏపీఎస్‌పీడీసీఎల్ (రాష్ట్ర దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ) వినియోగదారులవుతారు, మీలాంటి సాధారణ కనెక్షన్‌కు ఆ మినహాయింపు ఉండదు. గృహ శ్లాబులు యూనిట్‌కు 30 దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75 రూపాయలు. నెలకు 150 యూనిట్లు వాడితే ఎనర్జీ చార్జీ 567 రూపాయలు. అదే ఇంట్లో టన్నున్నర ఏసీ రోజుకు పది గంటలు నడిపి, గంటకు ఒక యూనిట్ చొప్పున 300 యూనిట్లు కలిస్తే మొత్తం 450 యూనిట్లకు 3,036 రూపాయలవుతుంది. అంటే వాడకం మూడింతలైతే బిల్లు అయిదింతలు దాటుతుంది. పెరిగిన యూనిట్లన్నీ పై శ్లాబుల్లో పడటమే దీనికి కారణం. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

మీ ఢిల్లీ కూలర్‌ను పారేయకండి. కర్నూలులో మార్చి, ఏప్రిల్, మే నెలల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. 200 వాట్ల కూలర్ పది గంటలు తిరిగినా రోజుకు రెండు యూనిట్లే, నెలకు 60. పగలు కూలర్, రాత్రి నాలుగైదు గంటలు ఏసీ అనే పద్ధతిలో బిల్లు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. జూన్ తర్వాత గాలిలో తేమ చేరాక కూలర్ ఉక్కపోస్తుంది, అప్పుడు దాన్ని మూల పెట్టండి. బోరు నీళ్లు పోస్తే ప్యాడ్ల మీద ఉప్పు పేరుకుంటుంది, ఏడాదికోసారి ప్యాడ్లు మార్చాల్సిందే. తడి ప్యాడ్లలో బూజు పడితే ఉబ్బసానికి మంచిది కాదు కాబట్టి వారానికోసారి ట్యాంకు కడగండి.

ఇక పెన్షన్. చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను: రాష్ట్రం మారితే ఆదాయపు పన్ను మారదు. ఢిల్లీలో ఎంతో కర్నూలులోనూ అంతే. తేడా వచ్చేది కరెంటు, పెట్రోలు (ఢిల్లీ కంటే లీటరుకు పది రూపాయలకు పైనే ఎక్కువ), బండి పన్ను, రిజిస్ట్రేషన్ ఖర్చుల్లో. పెన్షన్ ఖాతాను అదే బ్యాంకు కర్నూలు శాఖకు మార్పించుకుంటే సరిపోతుంది, లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లోనే జీవన్ ప్రమాణ్ ద్వారా ఇవ్వొచ్చు.

వైద్యం దగ్గర మాత్రం జాగ్రత్త. ఢిల్లీలో ఇంటి దగ్గరే సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం) వెల్‌నెస్ సెంటర్, చుట్టూ ఆ పథకం ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రులు. ఈ సౌకర్యం విలువ ఊరు మారాకే తెలుస్తుంది. మీరు ఉండబోయే పిన్‌కోడ్ సీజీహెచ్ఎస్ పరిధిలోకి రాకపోతే బయటి చికిత్సకు నెలకు 1,000 రూపాయల ఫిక్స్‌డ్ మెడికల్ అలవెన్స్ ఎంచుకుని, ఆసుపత్రిలో చేరే అవసరానికి మాత్రం సీజీహెచ్ఎస్ కార్డు ఉంచుకోవచ్చు. ఇద్దరి మందులకు వెయ్యి చాలదు, నెలకు మూడు నాలుగు వేలు సొంతంగా రాసుకోండి. కార్డు అసలు వదులుకోవద్దు. పెద్ద చికిత్సలకు హైదరాబాద్ వెళ్లాలి, దాదాపు 215 కిలోమీటర్లు. అత్యవసరమై కర్నూలులో ప్యానెల్‌లో లేని ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే రీయింబర్స్‌మెంట్ సీజీహెచ్ఎస్ రేట్ల ప్రకారమే వస్తుంది, మిగతాది మీ జేబులోంచే. ముందు మొత్తం బిల్లు కట్టాల్సిందీ మీరే. కాబట్టి 45 లక్షల్లో 6 లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీయగలిగే స్వీప్ డిపాజిట్‌లో ఉంచండి. దానికి తోడు 5 లక్షల డిడక్టిబుల్‌తో ఒక సూపర్ టాప్-అప్ పాలసీ తీసుకోండి, అంటే ఏడాదిలో 5 లక్షలు దాటిన ఆసుపత్రి బిల్లు బీమా భరిస్తుంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, ఉబ్బసం సంగతి ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ నాడు అదే అడ్డొస్తుంది.

నాలుగు నెలలు ఉండి చూశారు, ఆమెకు నిమ్మళంగా ఉంది అనుకుందాం. అప్పుడు కూడా అమ్మకండి, ఫ్లాట్‌ను 11 నెలల అగ్రిమెంటుతో అద్దెకివ్వండి. 32,000 అద్దె వస్తే సొసైటీ మెయింటెనెన్స్, ఇంటి పన్ను, రిపేర్లు పోను 26,000 మిగులుతుంది. కర్నూలు అద్దె 12,000 పోయినా ఇంకా 14,000 చేతిలో ఉంటుంది. అద్దె మీద ఆదాయపు పన్ను కట్టాలి, అయితే ఇంటి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఎలాగూ ఉంది. ఎప్పటికీ ఇలాగే ఉంచేయమనడం లేదు. కోటిన్నర ఆస్తి మీద ఏడాదికి 3.84 లక్షల అద్దె అంటే 2.6 శాతం కూడా లేదు. అది పెట్టుబడిగా బలహీనం. ఒక ఏడాది తిరిగి వెళ్లే దారిగా మాత్రం చాలా విలువైనది.

అమ్మేనాటికి పన్ను లెక్క ఇలా ఉంటుంది. మీ ఫ్లాట్ 2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి రెండు పద్ధతుల్లో తక్కువ పన్ను పడేదాన్ని ఎంచుకోవచ్చు. కొత్త పద్ధతిలో లాభం 1.02 కోట్లు, దాని మీద 12.5 శాతం అంటే 12.75 లక్షలు. పాత పద్ధతిలో కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచి లాభం లెక్కేయాలి. 2010-11 సూచీ 167, 2025-26 సూచీ 376. 48 లక్షలు 108 లక్షలవుతాయి, లాభం 42 లక్షలే. దాని మీద 20 శాతం అంటే 8.4 లక్షలు. సుమారు 4.35 లక్షల తేడా. సెస్సు వేరే, ఆ ఏడాది ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా పడుతుంది. కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, అది ఆదాయపు పన్ను సైటులో మీ పేరున కనబడేదాకా వదలకండి. 2010 నాటి అగ్రిమెంటు, చెల్లింపు రసీదులు, స్టాంపు డ్యూటీ రసీదు ఇప్పుడే వెతికి ఫైలు చేయండి. స్టాంపు డ్యూటీ కూడా కొన్న ఖరీదులో కలుస్తుంది.

లాభాన్ని మరో ఇంట్లో పెడితే పన్ను తప్పుతుంది. కొనే ఇల్లయితే అమ్మకానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా, కట్టే ఇల్లయితే అమ్మిన మూడేళ్లలోపు పూర్తవ్వాలి. ఇక్కడ జారిపడేవాళ్లు ఎక్కువ. స్థలం ఒక్కటే కొని ఊరుకుంటే మినహాయింపు రాదు, ఇల్లు కట్టాలి. రిటర్ను గడువు నాటికి ఖర్చు కాని డబ్బును మామూలు సేవింగ్స్‌లో కాక బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులోనే వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి ఈ మినహాయింపు ఇచ్చే పాత 54 లాంటి సెక్షన్ నంబర్లు మారాయి, ఆడిటర్‌తో మాట్లాడేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఇంకో మాట. మీ స్థలం, ఇల్లు, రిజిస్ట్రేషన్ కలిపి 88 లక్షలు. లాభం ఇంకా మిగిలింది కదా అని ఇంకో అంతస్తు లేపకండి. మెట్లెక్కలేని వయసులో ఇద్దరికి రెండంతస్తులెందుకు? పన్ను కట్టేసి మిగిలింది సీనియర్ సిటిజన్ స్కీములో ఒక్కొక్కరి పేరున 30 లక్షలు పెట్టుకోండి. 8.2 శాతం రేటు లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. మీరు చేరేనాటి రేటు అయిదేళ్లూ మారదు.

స్థలం గురించి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. 40 లక్షలకు 3 లక్షలు. మీ తమ్ముడి మీద నమ్మకం ఎంత ఉన్నా కాగితాలు మీరే చూడండి. ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయండి, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) వరుసగా ఉన్నాయో లేదో చూడండి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని నిర్ధారించుకోండి. చుక్కల భూమి (రికార్డుల్లో యజమాని పేరు బదులు చుక్కలున్న భూమి) అంటే మారు మాట లేకుండా వెనక్కి రండి. లేఅవుట్‌కు కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా చూడండి. ఓర్వకల్లు పారిశ్రామిక వాడ, హైకోర్టు బెంచ్ పేర్లు చెప్పి వెంచర్ల ధరలు లేపుతున్నారు. మీరు నివాసానికి కొంటున్నారు, ఆ కథలకు డబ్బు కట్టనవసరం లేదు.

పాత ఊరు వైపు, హంద్రీ, తుంగభద్ర ఒడ్డున స్థలమైతే చుట్టుపక్కల ఇళ్లవారిని 2009 అక్టోబర్ వరదకు నీళ్లు ఎంతెత్తు వచ్చాయో అడగండి. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అక్కడ ఎంత చవకగా వచ్చినా వద్దు.

కట్టేటప్పుడు మిద్దె మీద సోలార్‌కు చోటు వదలండి. 3 కిలోవాట్లకు నీడ పడని 300 చదరపు అడుగులు కావాలి. పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, నెలకు సుమారు 350 యూనిట్లు పండుతుంది. పైన లెక్కేసిన ఏసీ వాడకం దాదాపు అందులోనే గడిచిపోతుంది. అద్దె ఇంట్లో ఈ పని చేయలేరు, సొంత ఇంటికి ఇదొక నిజమైన లాభం. బోరుకు మాత్రం నీళ్లు పడకపోయినా డ్రిల్లింగ్ డబ్బు ఇవ్వాల్సిందేనని గుర్తుంచుకుని మున్సిపల్ కుళాయి ఉన్న వీధినే ఎంచుకోండి.

అమ్మాయిని చూడటానికి వెళ్లే ఖర్చూ రాసుకోండి. ఢిల్లీ విమానానికి శంషాబాద్ వెళ్లడమే సులువు, విమానాశ్రయం ఊరికి దక్షిణాన మనవైపే ఉంది కాబట్టి కర్నూలు నుంచి హైవే మీద నేరుగా చేరొచ్చు. ఏడాదికి ఇద్దరికీ రెండు రాకపోకలు పెట్టుకుంటే 60,000 పక్కన పెట్టండి.

కారు తెచ్చుకునేట్లయితే ఢిల్లీ ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోండి, లోను ఉంటే ముందు బ్యాంకు క్లియరెన్స్ కావాలి. పన్నెండు నెలలు దాటి ఇక్కడ తిప్పాలంటే ఫారం 27తో ఏపీ నంబరు వేయించి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ట్యాక్స్ కట్టిన రసీదు చేతికి వచ్చాకే ఢిల్లీలో మిగిలిన పన్ను వాపసుకు దరఖాస్తు పెట్టండి. బండి పాతదైతే ఈ తతంగమంతా చేయకుండా అక్కడే అమ్మి, కర్నూలు నంబరున్న చిన్న బండి కొనుక్కోవడం మేలు.