యుద్ధంలో ఇంజనీరు ట్యాంకుకు ముందే ఉంటాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఆర్మీలో కంబాట్ ఇంజనీర్ అవుతానంటున్నాడు. వాళ్లమ్మ వద్దంటోంది. ఇంజనీరంటే వెనకాల ఉండి రోడ్లు, బిల్డింగులు కట్టించే ఉద్యోగమే కాబట్టి ఫర్వాలేదని నా ఉద్దేశం. అసలు యుద్ధం వస్తే వీళ్లకు ఏం పని? ఏ దారిలో వెళ్లాలి?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీరు ఫర్వాలేదనుకోవడానికి చెప్పిన కారణమే తప్పండీ. ముందు ఆ సంగతి తేల్చుకుందాం, దరఖాస్తుల మాట తర్వాత.

మన సైన్యంలో ఈ విభాగం పేరు కోర్ ఆఫ్ ఇంజనీర్స్. ఇందులో జవానును సాపర్ అంటారు. యుద్ధంలో వీళ్లు మన దళాలు కదలడానికి దారి చేస్తారు, శత్రువు కదలకుండా అడ్డుకడతారు, మనవాళ్లకు బంకర్లు, తాగునీరు, హెలిప్యాడ్లు సమకూరుస్తారు. దారి చేయడమే అన్నిటికన్నా గండం.

మందుపాతరలు నాటిన నేల మీద ట్యాంకులు వెళ్లాలంటే ముందు ఒక సందు తెరవాలి. ట్యాంకు ముందు ట్రాల్ అనే మైన్లు తొలగించే పరికరం కడతారు. అందులో రోలర్ రకం తన బరువుతో మైన్లను పేల్చేస్తుంది, నాగలి రకం వాటిని తవ్వి పక్కకు తోస్తుంది. ట్రాల్ పనిచేయని చోట మనిషే వెళ్లాలి. ట్యాంకు మైను మామూలుగా మనిషి అడుగుకు పేలదు, దానికి వంద కిలోలకు పైగా ఒత్తిడి కావాలి. అందుకే దాన్ని తీయడానికి వచ్చేవాడి కోసం పక్కనే చిన్న మైన్లు పాతుతారు. ప్లాస్టిక్ మైను అయితే మెటల్ డిటెక్టర్ పలక్కపోవచ్చు. అప్పుడు నేలమీద పడుకుని సన్నని చువ్వను ఏటవాలుగా గుచ్చుతూ వెతకాలి. నిటారుగా గుచ్చితే సరిగ్గా మైను పైభాగాన్నే నొక్కినట్టవుతుంది. శుభ్రం చేసిన సందుకు రెండు వైపులా గుర్తులు పెట్టుకుంటూ వెళ్లాలి. ఇదంతా ఎక్కువగా చీకట్లో, తరచూ ఫిరంగి గుళ్ల కింద జరిగే పని. వాన పడి నేల మెత్తబడినా, సందులో ఒక్క ట్యాంకు కూరుకుపోయినా వెనకున్న వరసంతా ఆగిపోతుంది.

1971 పాకిస్థాన్ యుద్ధంలో, డిసెంబర్ 15 రాత్రి బసంతర్ నది దగ్గర జరిగింది చూడండి. మద్రాస్ సాపర్లకు (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) చెందిన 9 ఇంజనీర్ రెజిమెంట్ మైన్లు తీస్తోంది. పని సగంలో ఉండగానే అవతల మన పదాతి దళం మీదికి శత్రు ట్యాంకులు కదులుతున్నాయని తెలిసి, మన ట్యాంకు రెజిమెంట్ పూనా హార్స్ ట్యాంకులు మిగతా మైన్లలోంచే ముందుకు దూసుకెళ్లాయి. సాపర్ చేతిలో పని ఎంత ఆలస్యమైతే అవతల అంత రక్తం. అంతకుముందు 1948 ఏప్రిల్‌లో జమ్మూకశ్మీర్‌లోని నౌషేరా–రాజౌరీ దారిలో మైన్లు, అడ్డంకులు తొలగించిన సెకండ్ లెఫ్టినెంట్ రామా రాఘోబా రాణే కూడా ఇంజనీరే. తొడకు గాయమైనా పని ఆపలేదు. బతికుండగా పరమవీర చక్ర అందుకున్న తొలి వ్యక్తుల్లో ఆయన ఒకరు.

వంతెనల పని కాస్త వేరు, ఇక్కడ లెక్కలు కావాలి. కాలువ వెడల్పు, గట్టు ఎత్తు, నేల గట్టిదనం, దాటాల్సిన బండి బరువు ముందే తేలాలి. టీ-72 ట్యాంకు నలభై టన్నుల పైచిలుకు, అర్జున్ ట్యాంకులో కొత్త రకం (మార్క్ 1ఏ) దాదాపు 68 టన్నులు. ఒకదాన్ని మోసే వంతెన రెండోదాన్ని మోయకపోవచ్చు. వంతెన నిలిచినా దాని మొదట్లో మట్టి కుంగి బండ్లు దిగబడటం మామూలే. 2024లో వయనాడ్ కొండచరియల తర్వాత చూరల్‌మలలో మద్రాస్ సాపర్లు వేసిన 190 అడుగుల బెయిలీ వంతెనను మీరు టీవీలో చూసే ఉంటారు. బెయిలీ ప్యానెల్ ఒక్కోటి 10 అడుగుల పొడవు, సుమారు 260 కిలోలు, ఆరుగురు కలిసి మోస్తారు. క్రేన్ లేకున్నా ఇవతలి ఒడ్డున బిగించి, రోలర్ల మీద అవతలికి తోయొచ్చు. అక్కడ ఆ బృందంలో ముందు నిలిచింది ఒక మహిళా మేజర్. ఇంట్లో ఆడపిల్లలుంటే ఈ విభాగం వాళ్లకూ తెరిచే ఉంది.

ఇక దారులు. ఇంటర్ తర్వాత మీవాడికి సూటిగా ఉండేది 10+2 టెక్నికల్ ఎంట్రీ స్కీమ్. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలో 60 శాతం, జేఈఈ మెయిన్ స్కోరు, పెళ్లికాని అబ్బాయి, వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. ఎప్‌సెట్ ర్యాంకు ఇక్కడ చెల్లదు, అందుకని జేఈఈ రాయకుండా ఉండొద్దు. తర్వాత ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (అధికారుల ఎంపిక ఇంటర్వ్యూ), మెడికల్. నాలుగేళ్ల శిక్షణ, చేతికి బీటెక్ పట్టా, లెఫ్టినెంట్ హోదా. ఇంజనీర్స్ విభాగమే ఇస్తారన్న హామీ మాత్రం లేదు. మెరిట్, ఖాళీలు, ఇష్టం అన్నీ చూస్తారు. ఇంటర్ తర్వాత వెళ్లే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లోనూ అంతే. ఇదే విభాగం కావాలని పట్టుబట్టేవాడికి ఈ విషయం ముందే తెలియాలి.

బీటెక్ చేశాకైతే టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు, షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఉన్నాయి, వయసు 20 నుంచి 27. సివిల్ బ్రాంచి ఒక్కటే కాదు, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకూ సీట్లుంటాయి. అగ్నివీర్‌గా చేరితే బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో శిక్షణ దొరకొచ్చు కానీ నాలుగేళ్ల తర్వాత 25 శాతం వరకే కొనసాగిస్తారు. ఎంపీసీ బాగా చదివే పిల్లాడికి దీన్ని మొదటి దారిగా నేను చెప్పను.

మీరు అనుకున్న రోడ్లు, బిల్డింగుల ఉద్యోగమూ ఉంది. అది మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, బోర్డర్ రోడ్స్. సైనిక ఇంజనీర్ అధికారి అక్కడా కొన్నేళ్లు చేస్తాడు. సైన్యంలో అధికారిగా వద్దు, నిర్మాణమే కావాలంటే బీటెక్ తర్వాత యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాసి వీటిలో చేరొచ్చు. ఇంట్లో తేలాల్సింది ఈ రెండిట్లో మీవాడికి ఏది కావాలన్నది. పైన రాసిన మైన్ల సంగతి చదివించి, వాడినే అడగండి.

ఈలోగా ఈ సెలవుల్లోనే కంటి డాక్టర్ దగ్గర రంగుల గుర్తింపు పరీక్ష చేయించండి. రెండేళ్లు కోచింగ్ తీసుకుని చివర్లో మెడికల్ దగ్గర ఆ లోపం బయటపడి వెనక్కి వచ్చే పిల్లలున్నారు.