ఆటల మాస్టారి జవాబులు: ఐస్ హాకీలో అంతగా ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు కెనడాలో ఉంటారు. ఈమధ్యే ఆరు నెలలు వాళ్ళ దగ్గర ఉండి వచ్చాను. శనివారం రాత్రయితే చాలు, ఇద్దరూ టీవీలో ఐస్ హాకీ పెట్టుకుని ఒకటే కేకలు. నాకేమో ఆ నల్ల బిళ్ళ ఎక్కడుందో కనపడదు. ఒకరినొకరు గుద్దుకోవడం తప్ప ఏమీ అర్థం కాలేదు. ఇప్పుడు ఫోన్ చేసినా అవే కబుర్లు, నేను ఊ కొడుతూ కూర్చుంటున్నాను. అందులో అంతగా ఏముందండీ?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ బిళ్ళ సంగతి చెబుతాను. దాన్ని పక్ అంటారు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే గట్టి రబ్బరు బిళ్ళ. బరువు దాదాపు 170 గ్రాములు. ఎగిరెగిరి పడకుండా ఉండాలని ఆటకు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. బలంగా కొడితే గంటకు 150 కిలోమీటర్లు దాటిపోతుంది. టీవీలో దాని వెంట పరుగెత్తడం ఎవరి కంటికీ సాధ్యం కాదు. అలవాటైనవాళ్ళు పక్‌ని చూడరు, మనుషుల్ని చూస్తారు. ఎవరి భుజం ఎటు తిరిగింది, ఖాళీలోకి ఎవరు దూరుతున్నారు, గోల్‌కీపర్ ఏ పక్కకి ఒరిగాడు. అవి చూస్తూ ఉంటే పక్ ఎక్కడుందో దానంతటదే తెలిసిపోతుంది.

నేను ముప్పయ్యేళ్ళు స్కూల్లో పిల్లలకి మన హాకీ నేర్పించాను. అయినా టీవీలో ఐస్ హాకీ చూసినప్పుడు నాకూ మీలాగే ఉండేది. కెనడాలోనే మా అమ్మాయి ఉండే ఊళ్ళో ఒక సాయంత్రం పదిహేను, పదహారేళ్ళ పిల్లల ఆటకి వెళ్ళాం. మంచు మైదానం చుట్టూ ఉండే అద్దానికి ఆనుకుని నిలబడ్డాను. మొదట నన్ను కట్టిపడేసింది చప్పుడు. స్కేట్ల అంచులు మంచుని కోస్తుంటే కత్తి సాన పడుతున్నట్టు కరకరమని శబ్దం. ఒక కుర్రాడు దూసుకొచ్చి నా ఎదురుగా పాదాలు అడ్డంగా తిప్పి ఆగాడు. మంచుపొడి చిమ్మి అద్దమంతా తెల్లగా అయిపోయింది. వెనకే ఇంకొకడు వచ్చి వాణ్ణి చెక్క గోడకేసి అదిమాడు. నా చేతి కింద అద్దం అదిరింది. టీవీలో ఇవేవీ రావు. పక్కన ఒక ముసలావిడ కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, ప్రతి పిల్లాణ్ణీ పేరు పెట్టి పిలుస్తోంది. ఆవిడకి వాళ్ళంతా పుట్టినప్పటి నుంచీ తెలుసు.

మన హార్బర్‌లో చేపల కోసం దింపే ఐస్ దిమ్మలు చూశారుగా, ఎంతేసి మందం ఉంటాయో! రింక్‌లో, అంటే ఆ ఆట మైదానంలో, మంచు మందం అంగుళం అటూ ఇటూ, అంతే. మధ్య మధ్యలో ఒక బండి వచ్చి దాని మీద వేడినీళ్ళు పోస్తూ తిరుగుతుంది. వేడినీళ్ళు పైపొరని కాస్త కరిగించి, గీతలు పూడ్చి, నున్నగా గడ్డకడతాయి. పెద్దవాళ్ళు కూడా ఆ బండినే కళ్ళప్పగించి చూస్తుంటారు.

ఇక ఆట. ఒక్కో జట్టుకి ఆరుగురు: గోల్‌కీపర్, ఇద్దరు డిఫెండర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. అసలు కిటుకు ఏమిటంటే, గోల్‌కీపర్ తప్ప ఏ ఆటగాడూ మామూలుగా మంచు మీద ఏకబిగిన నిమిషానికి మించి ఉండడు. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడతాడు, బెంచీ మీదకి దూకేస్తాడు, ఇంకొకడు లోపలికి దూకుతాడు. దీన్ని షిఫ్ట్ అంటారు. ఆట ఆగదు, మనుషులు మారిపోతుంటారు. అందుకే చూసేవాళ్ళకి తెరిపి ఉండదు. అలిసిపోయిన ఐదుగురు బెంచీకి చేరలేక చిక్కుకుపోయారనుకోండి, అవతలివాళ్ళు వదలరు. ఆ అర నిమిషం టెన్షన్ కోసమే నేను తెల్లవారుజామున లేస్తాను. వేసవిలో అక్కడి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్, అంటే కప్ కోసం జరిగే చివరి దశ ఆటలు, మనకి పొద్దున్న నాలుగున్నర, ఐదున్నరకి మొదలవుతాయి. బయట ఉక్కపోత, టీవీలో మంచు.

మన హాకీలో గోలు 12 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. వీళ్ళది ఆరడుగులు, నాలుగడుగులే. అందులో సగం గోల్‌కీపర్ ప్యాడ్లే కప్పేస్తాయి. పైగా గోలు వెనక కూడా స్థలం ఉంటుంది, అక్కడి నుంచీ పాస్‌లు ఇస్తారు. వెనకున్నవాణ్ణి చూడాలా, ముందున్నవాణ్ణి చూడాలా? ఆ గోల్‌కీపర్ కష్టం పగవాడికి కూడా వద్దు. అందుకే నా ఓటు ఎప్పుడూ గోల్‌కీపర్లకే.

ఆ ఊరి ఆటలో ఆఖరి రెండు నిమిషాలు చెప్పి తీరాలి. మేం అభిమానిస్తున్న జట్టు ఒక గోలు వెనకబడి ఉంది. కోచ్ చెయ్యి ఊపాడు. గోల్‌కీపర్ గోలు వదిలేసి బెంచీకి పరుగు! నాకు మతిపోయింది. ఆ స్థానంలో ఆరో ఆటగాడు దాడికి దిగాడు. ఎలాగూ ఓడిపోతున్నాం, ఉన్నదంతా ఒడ్డేద్దాం అన్నమాట. అవతలి జట్టు కుర్రాడికి పక్ దొరికింది, తన చివర నుంచే ఖాళీ గోలు వైపు తోశాడు. అంతసేపూ కంటికి ఆనని పక్ అప్పుడు అందరికీ కనపడింది. నింపాదిగా జారుకుంటూ వెళ్తోంది. ఆ ముసలావిడ నా మోచెయ్యి పట్టుకుంది. పక్ గోలు స్తంభానికి తగిలి టంగుమని పక్కకి పోయింది. జనం కేకలతో కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. మావాళ్ళు గోలు కొట్టలేకపోయారు, ఓడిపోయారు. అప్పటిదాకా గోడలకేసి గుద్దుకున్న పిల్లలు రెండు వరసలుగా నిలబడి, ఒక్కొక్కరూ అందరితోనూ చేతులు కలిపి వెళ్ళారు. ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ ప్లేఆఫ్ సిరీస్ ముగిశాక ఇదే ఆచారం. అక్కడ స్టాన్లీ కప్ గెలవాలంటే నాలుగు రౌండ్లలో 16 ఆటలు నెగ్గాలి. గెలిచినవాళ్ళ పేర్లు కప్ మీద చెక్కుతారు. ఒక్కో ఆటగాడు ఒక రోజు దాన్ని సొంత ఊరికి తీసుకెళ్తాడు. పసిపిల్లల్ని అందులో కూర్చోబెట్టి ఫోటోలు దిగుతారు.

ఈసారి అబ్బాయి ఫోన్ చేస్తే "పవర్ ప్లేలో ఏమైంది నాన్నా?" అని అడగండి. చిన్న తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు, వాళ్ళ జట్టు ఒకరు తక్కువతో ఆడాలి. దాన్నే అవతలి జట్టుకి పవర్ ప్లే అంటారు. క్రికెట్లో పవర్ ప్లే వేరు, ఇది వేరు. ఇంకొక మాట. మీకు హిందీ కాస్త వస్తే, కెనడాలో 2008 నుంచి పంజాబీలోనూ వ్యాఖ్యానం వస్తోంది, అది విని చూడండి. 2016 స్టాన్లీ కప్ ఫైనల్స్‌లో పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు నిక్ బొనీనో గోలు కొట్టినప్పుడు వ్యాఖ్యాత హర్‌నారాయణ్ సింగ్ ఆ ఇంటిపేరునే ఆపకుండా పాటలా అరిచాడు. కప్ గెలిచాక ఆ పంజాబీ బృందాన్ని పిట్స్‌బర్గ్‌వాళ్ళు తమ సంబరాలకి పిలిపించుకున్నారు. తెలుగులో ఎప్పుడు వింటామా అని నాకు ఆశ.

ప్రశ్న: రిఫరీ పక్కనే ఉండి కూడా ఆటగాళ్ళు కొట్టుకుంటుంటే ఎందుకు ఊరుకుంటాడు?
– ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: ఊరుకోరు బాబూ. ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్టుకుంటే ఐదు నిమిషాలు బయట కూర్చోవాలి. ఒలింపిక్స్‌లో అయితే ఆట నుంచే పంపించేస్తారు. దీనికోసమే చూసేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం నచ్చదు. దెబ్బ తలకి తగిలితే ఆటగాడి జీవితమే పాడవుతుంది.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. వుడా పార్కులో స్కేటింగ్ నేర్చుకుంటున్నాను. ఇండియాలో అమ్మాయిలు ఐస్ హాకీ ఆడతారా? నేను ఆడగలనా?
– ఒక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆడతారమ్మా, చక్కగా ఆడతారు. మన అమ్మాయిల జట్టులో ఎక్కువమంది లడాఖ్ వాళ్ళే. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకట్టినప్పుడు సహజమైన మంచు మీద ఆడుతూ పెరిగారు, ఏడాదికి రెండు, మూడు నెలలు. అలా నేర్చుకుని 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ని 4-3తో ఓడించారు. అంతర్జాతీయంగా అదే మొదటి గెలుపు. 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు.

మన ఊళ్ళో చక్రాల మీద నేర్చుకున్న బ్యాలెన్స్ వృథా పోదు. అయితే మీరు ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతారు. రేపటి నుంచి రోజూ పది నిమిషాలు కుడి వైపు తిరగడం సాధన చెయ్యి. వెనక్కి స్కేట్ చెయ్యడం కూడా. హాకీ ఐస్ స్కేట్లకి బ్రేకు ఉండదు, పాదాలు అడ్డం తిప్పి ఆగాలి. కాబట్టి మీ కోచ్‌ని అడిగి, ఆయన దగ్గరుండగా, బ్రేకు వాడకుండా ఆగడం రెండు పక్కలా నేర్చుకో. హెల్మెట్ మాత్రం తియ్యకు తల్లీ.