ప్రోటీన్ లోపం ఉన్న పిల్లలకి పొట్ట, కాళ్లు ఎందుకు ఉబ్బుతాయి?

ఆ ఉబ్బు కొవ్వు కాదు, చాలావరకు ఒంట్లో చేరిన నీరు. చిన్నపిల్లల్లో వచ్చే ఈ తీవ్ర పోషకాహార లోపాన్ని క్వాషియోర్కర్ అంటారు. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, కాలేయం తయారుచేసే ఈ ఆల్బుమినే నీటిని రక్తనాళాల్లో పట్టి ఉంచుతుంది, తిండిలో ప్రోటీన్ చాలకపోతే అది తగ్గిపోయి నీరు బయటి కణజాలంలోకి చేరుతుంది. ఇదొక్కటే కారణం కాదులెండి, మాటిమాటికీ వచ్చే విరేచనాలు, ఇన్ఫెక్షన్లు కూడా తోడవుతాయి. పొట్ట ముందుకు రావడంలో కొవ్వు పట్టి పెరిగిన కాలేయం, బలం తగ్గిన కండరాల పాత్రా ఉంది.

ఉదాహరణకి, తల్లిపాలు మాన్పించాక పిండిపదార్థాలు తప్ప మరేమీ అందని రెండేళ్ల బిడ్డకి పాదం పైన బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి, గుంట అలాగే ఉండిపోతుంది. జుట్టు కూడా రంగు తగ్గి, పట్టుకుంటే ఊడొస్తుంది.

"బొద్దుగానే ఉన్నాడుగా" అని ఊరుకోవడమే పెద్ద పొరపాటు. నీటి వల్ల తూకం మామూలుగానే కనిపించొచ్చు, కానీ పోషణ లేక రెండు పాదాలూ ఇలా వాచాయంటే బరువెంతున్నా అది తీవ్ర లోపమే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఒక్కసారిగా ప్రోటీన్ పౌడర్లు దట్టించకండి, దెబ్బతిన్న కాలేయం తట్టుకోలేదు. డాక్టర్లు కూడా మొదట తక్కువ ప్రోటీన్ ఉన్న ప్రత్యేక పాలతోనే మొదలుపెడతారు.